1970ల వేషం కుదరాలంటే: బెల్‌బాటమ్ నుంచి బొట్టు దాకా

పూర్వ విద్యార్థుల సమ్మేళనం కానివ్వండి, పరిషత్తు నాటకం కానివ్వండి, షార్ట్ ఫిల్మ్ కానివ్వండి, "డెబ్బైల నాటి గెటప్" అనగానే మనవాళ్ళు నేరుగా అద్దె బట్టల షాపుకి వెళతారు. తళతళలాడే శాటిన్ చొక్కా, జెండాగుడ్డలా రెపరెపలాడే ప్యాంటు, ఎలుగుబంటి జుట్టులాంటి విగ్గు పట్టుకొస్తారు. కుర్రకారు ఈలలేస్తారు. ముందు వరుసలో ఒక పెద్దాయన ఉంటాడు, ఆ రోజుల్లో నిజంగా అలాంటి బట్టలేసుకుని కాలేజీకి వెళ్ళినాయన. ఆయన మాత్రం "మేం మరీ ఇలా ఉండేవాళ్ళం కాదు" అని గొణుగుతాడు.

ఆయన మాటే నిజం. నేను చిన్నాచితకా నాటకాలకీ షార్ట్ ఫిల్ములకీ బట్టలు చూస్తుంటాను. మొదటిసారి 1975 నాటి కాలేజీ సీను కోసం ఎనిమిదిమందికి ఒకే తానులోంచి శాటిన్ చొక్కాలు కుట్టించాను. స్టేజీ మీద వాళ్ళు విద్యార్థుల్లా లేరు, పెళ్ళిలో పాటలు పాడే ఆర్కెస్ట్రాలా ఉన్నారు. ఆ దెబ్బతో విగ్గులూ కాలర్లూ పక్కన పెట్టి పాత ఫొటోలు, పెట్టెల అడుగున మిగిలిపోయిన పాత చొక్కాలు చూడటం మొదలుపెట్టాను. ఆ దశాబ్దపు ఫ్యాషనంతా బట్టలోనే ఉందని అప్పుడర్థమైంది. బట్ట సరైనది దొరికితే కట్ సగం దానంతటదే కుదురుతుంది. బట్ట తప్పితే ఎంత పెద్ద కాలరు పెట్టినా అది కామెడీ వేషమే.

కింద ఉన్నది నేను ఇప్పుడు పాటించే వరుస. ప్యాంటు దగ్గరా, చీరా జాకెట్ల దగ్గరా కాస్త ఎక్కువసేపు ఆగుతాను. డబ్బు దండగయ్యేది అక్కడే.

1. ముందు ఏడాది, ఊరు, జేబు తేల్చుకోండి

డెబ్బైలన్నీ ఒకలా ఉండవు. నేనయితే మూడు ముక్కలు చేసుకుంటాను. 1970 నుంచి 73 దాకా అరవైల వాసన ఇంకా పోలేదు. కాళ్ళకు అతుక్కుపోయే గొట్టం ప్యాంట్లు కనిపిస్తూనే ఉంటాయి, బెల్ (మోకాలి దగ్గర్నుంచి గంటలా విచ్చుకునే బెల్‌బాటమ్ ప్యాంటు) పట్నం కుర్రాళ్ళకే, అదీ ఒక మోస్తరు వెడల్పు. ఆడవాళ్ళలో చేతుల్లేని జాకెట్లు, సవరం పెట్టి చుట్టిన పెద్ద కొప్పులు ఈ కాలానివి. 1974 నుంచి 77 దాకా బెల్ పూర్తిగా విచ్చుకున్న రోజులు. కాలర్లు సాగాయి, బెల్టులు వెడల్పయ్యాయి, మగపిల్లల జుట్టు చెవుల మీదికి దిగింది. 1978 తర్వాత బెల్ పల్లెకి చేరింది. పట్నం వాడు అప్పటికే ప్యారలల్‌కి మారుతున్నాడు. అంటే మోకాలి దగ్గరా కింద అంచు దగ్గరా ఇంచుమించు ఒకే వెడల్పు. ఆఫీసర్ల ఒంటిమీదికి సఫారీ సూటు ఎక్కింది.

ఊరు కూడా చూసుకోవాలి. కొత్త ఫ్యాషను మద్రాసు, బొంబాయి నుంచి హైదరాబాదుకీ విజయవాడకీ వచ్చి, అక్కడి నుంచి తాలూకా కేంద్రంలోని టైలరు చేతికి వచ్చి, ఆ తర్వాత ఊళ్ళోకి దిగేది. అందుకే మీ కథ 1974లో పల్నాడు పల్లెలో జరుగుతుంటే అందరికీ బెల్‌బాటమ్‌లు తొడిగించకండి. గుంటూరు హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన ఒక్క కుర్రాడికి తొడిగించండి. మిగతావాళ్ళు లుంగీల్లో, పైజామాల్లో, నిక్కర్లలో ఉండి ఆ కుర్రాడి కాళ్ళకేసి చూస్తుండాలి. సీను అక్కడే పండుతుంది.

ఇక జేబు సంగతి. చాలా ఇళ్ళలో ఏడాదికి ఒకటో రెండో జతలు, అవీ పండక్కి. ఎదిగే పిల్లాడని కింద మడతలో రెండు మూడు అంగుళాల బట్ట వదిలి కుట్టించేవారు. ఏడాది తిరిగేసరికి ఆ మడత విప్పితే పాత గీత అడ్డంగా కనిపించేది. ఈ గీత ఒక్కటి పెడితే చాలు, ఆ ఇంటి లెక్కలన్నీ ప్రేక్షకుడికి చెప్పకుండానే తెలుస్తాయి. ఇంకా కిందికి వెళితే రేషన్ షాపులో ప్రభుత్వం కట్టిన ధరకి దొరికే కంట్రోలు బట్ట, 1976 తర్వాత చేనేత జనతా చీరలూ పంచెలూ. వాటికి మెరుపు ఉండకూడదు.

ఒకే ఇంట్లో మూడు తరాలు మూడు రకాలుగా ఉండటం ఆ దశాబ్దపు అసలు బొమ్మ. తాతకి నేత పంచె, కండువా. తండ్రికి తెల్ల టెరికాట్ చొక్కా, వదులు ప్యాంటు. కొడుక్కి బెల్. ముగ్గురినీ ఒకే అరుగు మీద కూర్చోబెట్టండి.

2. ఎవర్ని చూసి ఎవరు వేసుకున్నారో కనుక్కోండి

ఈ అంచె చాలామంది వదిలేస్తారు. కానీ మీ పాత్ర ఎవరిలా కనిపించాలనుకుంటున్నాడో తెలియకపోతే కొలతలు ఎన్ని తీసినా లాభం లేదు.

బెల్‌బాటమ్ పుట్టుక ఓడల మీద. కింద వెడల్పుగా ఉంటే పైకి మడుచుకుని డెక్ కడుక్కోవచ్చని నావికులు వేసుకునేవారు. అమెరికాలో 1960ల కుర్రకారు సైన్యం అమ్మేసిన పాత సరుకు కొట్లలో వాటిని చవగ్గా కొనుక్కుని తమ గుర్తుగా మార్చుకున్నారు. వియత్నాం యుద్ధం వద్దన్నవాళ్ళు, జుట్టు పెంచుకున్నవాళ్ళు, హిప్పీలు. వాళ్ళలో కొందరు రోడ్డు మార్గాన గోవాకీ కఠ్మాండుకీ వచ్చారు. 1971లో దేవానంద్ తీసిన 'హరే రామ హరే కృష్ణ' ఆ కఠ్మాండు హిప్పీలనే తెరమీద పెట్టింది. జీనత్ అమన్ వేసుకున్న పూసల దండలు, పెద్ద కళ్ళద్దాలు దేశమంతా చూసింది.

ఇందులో ఒక తమాషా ఉంది. బీటిల్స్ 1968లో రిషీకేశ్ వచ్చి వెళ్ళాక పడమటి దేశాల కుర్రాళ్ళకి మన లాల్చీలు, రుద్రాక్షలు, అద్దకం బట్టలు మోజయ్యాయి. ఆ మోజే తిరిగి సినిమాల్లోంచి మనకి కొత్త ఫ్యాషనై వచ్చింది. తాత వేసుకుంటే లాల్చీ, రాజేష్ ఖన్నా వేసుకుంటే గురు కుర్తా!

మన దగ్గర "హిప్పీ" అన్న మాట తిట్టుగా మారిపోయింది. జుట్టు మెడ దాటితే చాలు, ఇంట్లో "హిప్పీ వెధవ" అనే బిరుదు తప్పదు. పాత్రకి ఆ జుట్టు పెడుతున్నారంటే తండ్రితో ఒక గొడవ కూడా పెడుతున్నట్టే లెక్క.

తెలుగు తెర నుంచి వచ్చినవి వేరే ఉన్నాయి. 1971లో కృష్ణ 'మోసగాళ్ళకు మోసగాడు'తో కౌబాయ్ అయ్యాడు. వెడల్పాటి తోలు బెల్టు, పెద్ద బకిల్, మెడకి రుమాలు లాంటి సరంజామా మన కుర్రాళ్ళకి పరిచయమైన దారి అది. ఆడవాళ్ళకి వాణిశ్రీ. ఆమె చీరకట్టు, కొప్పు, జాకెట్టు చేతులు చూసి వచ్చి అలాగే కావాలని టైలర్లని అడిగేవారు. 1973లో 'బాబీ' వచ్చాక చుక్కల బట్టకి ఆ సినిమా పేరే అంటుకుంది. ఇక 1977 ఏప్రిల్‌లో 'అడవి రాముడు'. రాముడిగా, కృష్ణుడిగా పట్టుబట్టల్లో చూసిన ఎన్టీఆర్ 54కి దగ్గరపడుతున్న వయసులో బెల్‌బాటమ్ వేసుకుని డాన్సు చేశాడు. నన్నడిగితే పల్లెల్లో పెద్దవాళ్ళు కూడా బెల్‌ని క్షమించేసింది అప్పుడే. దేవుడే వేసుకున్నాక ఇంకెవరు తిడతారు?

సినిమా ఛాయ పడని గుంపు ఒకటుంది, దాన్ని మరిచిపోకండి. 1970లో విరసం, అంటే విప్లవ రచయితల సంఘం, ఏర్పడింది. యూనివర్సిటీ క్యాంపస్‌లలో చదువుకునే, రాసే, నినాదాలిచ్చే కుర్రాళ్ళలో నలిగిన లాల్చీ, గడ్డం, భుజానికి గుడ్డ సంచి, కాళ్ళకి తోలు చెప్పులు కనిపించేవి. బెల్‌బాటమ్ వాళ్ళకి బూర్జువా వేషం. ఒకే హాస్టల్ గదిలో ఈ ఇద్దర్నీ పెడితే డైలాగు లేకుండానే కథ నడుస్తుంది.

చివరగా గల్ఫ్. 1973లో చమురు ధరలు పెరిగాక కోనసీమ, కడప, కరీంనగర్ వైపుల నుంచి మనుషులు దుబాయి, కువైట్ వెళ్ళడం ఎక్కువైంది. తిరిగొచ్చేటప్పుడు పెట్టెలో జపాన్ నైలాన్ చీరలు, ఫారిన్ గడియారం, సెంటు సీసా, టేప్ రికార్డరు. దశాబ్దం చివరి కథలో కొత్త డబ్బు చూపించాలంటే ఇదే దారి.

3. బట్ట: అసలు కీలకం ఇక్కడ

అప్పటి మాటలు రెండు గుర్తుపెట్టుకోండి: టెరిలిన్, టెరికాట్. మొదటిది పూర్తి పాలియెస్టర్. రెండోది పాలియెస్టర్, నూలు కలిపింది, ఎక్కువగా 67కి 33 పాళ్ళలో. వీటికి అంత మోజు ఎందుకు? రాత్రి ఉతికి ఆరేస్తే పొద్దున్నకి ఆరిపోతుంది, ఇస్త్రీ అక్కర్లేదు. బొగ్గుల ఇస్త్రీపెట్టెతో కుస్తీ పట్టే ఇళ్ళకి, ఒకటే మంచి జత ఉన్న గుమాస్తాకి ఇది వరం. రంగు వెలవదు, ప్యాంటు మడత నిలబడుతుంది. ధీరూభాయ్ అంబానీ 1966లో అహ్మదాబాదు దగ్గర నరోడాలో మిల్లు పెట్టి విమల్ పేరుతో అమ్మింది ఈ మోజునే.

బెల్‌బాటమ్‌కీ దీనికీ చుట్టరికం ఉంది. 26 అంగుళాల బాటమ్‌ని (కింద అంచు చుట్టుకొలత) మెత్తటి నూలు బట్టతో కుట్టి చూడండి. గంటలో నలిగి, మోకాళ్ళ దగ్గర ఉబ్బి, పైజామాలా వేలాడుతుంది. టెరికాట్ బరువుగా జారి, గంటలాగే నిలబడుతుంది. ఆ గుడ్డ లేకపోతే మన ఎండల్లో, మన బస్సుల్లో ఆ ఫ్యాషను బతికేది కాదు.

దానికి శిక్ష చెమట. గాలి ఆడదు, చంకల దగ్గర మరకలు. తెల్ల టెరిలిన్ చొక్కా పలచన, లోపల బనియను గీతలు కనిపిస్తాయి, జేబులో పది రూపాయల నోటు పెడితే బయటికి తెలుస్తుంది. అప్పట్లో అది లోపం కాదు, దర్జా. నోటు కావాలనే పెట్టుకునేవారు. మీ దర్జాబాబు పాత్రకి ఇది వాడుకోండి.

ఇప్పుడు ఎలా కొనాలి? నా చిట్కా ఇది: ఫ్యాన్సీ షాపులకి పోకండి, స్కూలు యూనిఫామ్ బట్ట అమ్మే చోటుకి వెళ్ళండి. యూనిఫామ్ షర్టింగు, సూటింగు రెండూ పాలియెస్టర్ కలిపినవే, మెరుపు తక్కువ, చవక, ఎన్ని మీటర్లయినా దొరుకుతుంది. ముదురు చాక్లెట్, బాటిల్ గ్రీన్, మెరూన్ రంగులు యూనిఫామ్‌లలో మామూలే, డెబ్బైల రంగులూ అవే. రాజమండ్రి తాడితోట, విజయవాడ వస్త్రలత, సికింద్రాబాద్ జనరల్ బజార్ లాంటి చోట్ల తిరిగితే పెద్ద పువ్వుల పాలియెస్టర్ షర్టింగు కూడా దొరుకుతుంది. నిజమైన పాత చొక్కాలు కావాలంటే హైదరాబాదులో ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మేరాత్ బజార్ వెతకండి. ఓపిక కావాలి, బేరం కావాలి, కొన్నాక వేడినీళ్ళలో ఉతకడం మరీ కావాలి.

సాగే గుణమున్న లైక్రా బట్ట, శాటిన్ వద్దు. అనుమానముంటే ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపించండి. నూలు కాగితం కాలిన వాసనతో కాలి బూడిదవుతుంది, పాలియెస్టర్ కరిగి చివర గట్టి నల్లపూసలా అవుతుంది, పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది. ఈ పరీక్ష ఇంకోటి కూడా చెబుతుంది: స్టేజీ మీద దీపాలు, కాగడాలు, టపాకాయలుంటే పాలియెస్టర్ వేసుకున్నవాళ్ళని దూరంగా ఉంచండి. కరిగిన బట్ట చర్మానికి అంటుకుంటుంది.

రంగుల విషయంలో ఇంట్లో ఫొటోలు మోసం చేస్తాయి. మన ఊళ్ళ స్టూడియో ఫొటోలు ఆ దశాబ్దంలో చాలావరకు నలుపు తెలుపు. బూడిద రంగులో కనిపించేది ఎర్ర చొక్కా కావచ్చు, ఆకుపచ్చ కావచ్చు. ఫొటో పట్టుకుని అందులో ఉన్న మనిషినే అడగండి. "ఇదా, నెమలికంఠం రంగు, మా పెదనాన్న మద్రాసు నుంచి తెచ్చాడు" అని టక్కున చెబుతారు. యాభై ఏళ్ళ కిందటి చొక్కా రంగు జనం మరిచిపోరు.

4. ప్యాంటు: టైలర్ మాస్టారితో కూర్చోండి

కొత్త కుర్ర టైలర్లకి బెల్ రాదు. అరవై దాటిన మాస్టారిని వెతకండి. అడిగితే ఆయన కళ్ళలో వెలుగొస్తుంది, చూడండి.

30 నడుము, 36 సీటు, 42 పొడవున్న కుర్రాడికి నేనిచ్చే లెక్క, అంతా అంగుళాల్లో: తొడ 22, మోకాలు 17, బాటమ్ 26. నడుము బొడ్డు దగ్గర, తుంటి మీద కాదు. ముందు కుచ్చులు ఉండవు, సాఫీగా ఉండాలి. బెల్టు లూపులు రెండంగుళాల బెల్టు పట్టేలా పొడుగ్గా వేయించండి.

అసలు రహస్యం బెల్ ఎక్కడ మొదలవుతుందనే దాంట్లో ఉంది. సరిగ్గా మోకాలి మీద మొదలైతే కాలు రెండు ముక్కలుగా కనిపిస్తుంది. మోకాలికి రెండంగుళాల పైనుంచి విచ్చుకోవడం మొదలవ్వాలి. అప్పుడు కాలు పొడుగ్గా కనిపిస్తుంది, పొట్టివాడు కూడా హీరో అవుతాడు. బాటమ్ 24 అంటే మంచి కుటుంబంలో కుర్రాడు, 26 అంటే షోకిలా, 30 అంటే రౌడీ లేదా కమెడియన్. ఈ లెక్క నాది, కానీ పనిచేస్తుంది.

పొడవు కొలిచేటప్పుడు ఆ రోజు వేసుకోబోయే ఎత్తు మడమ బూట్లు వేయించే కొలవండి. వెనక అంచు నేలకి అరంగుళం పైన ఆగాలి, ముందు బూటు ముక్కు ఒక్కటే కనిపించాలి. అంతకన్నా పొట్టి అయితే అది బెల్ కాదు, గొడుగు.

అంచు నేలకి రాసుకుని చిరిగిపోకుండా మడమ వైపు లోపల ఒక జిప్పు ముక్క కుట్టించుకునేవారు. ఇది తప్పకుండా పెట్టించండి. అందం కోసం అనడం లేదు, ఆ చిన్న బరువుకి బెల్ కిందికి లాగినట్టు నిలబడుతుంది.

58 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న బట్టలో బాటమ్ 26 వరకూ 1.30 మీటర్లు సరిపోతుంది. 28 దాటితే నాలుగు ముక్కలూ పక్కపక్కన పట్టవు, మీటరున్నర పైన తీసుకోండి. చారల బట్ట అయితే ఇంకా ఎక్కువ.

5. చొక్కా, సఫారీ

చొక్కా ఒంటికి పట్టినట్టుండాలి. ఇప్పుడు ఛాతీ కొలతకి ఐదారు అంగుళాలు వదులిస్తారు, మూడు చాలని చెప్పండి. కాలరు కొనలు 4 అంగుళాలు, జనం డాగ్ కాలర్ అనేది అదే. లోపల గట్టి బక్రం (కాలరు బిగుసుగా నిలబడటానికి వేసే గుడ్డ) వేయకపోతే అవి కుక్కచెవుల్లాగే వేలాడతాయి. ఫుల్ హ్యాండ్స్ అయితే కఫ్ 3 అంగుళాలు, రెండు గుండీలు. పైన రెండు గుండీలు విప్పడం కాలేజీ కుర్రాడికి సరే, గుమాస్తాకి ఒకటే. పెద్ద పువ్వులు ఒక్కరికి చాలు. మిగతావాళ్ళకి గళ్ళు, చారలు, సాదా.

సఫారీ సూటు గురించి చెప్పడానికి పెద్దగా లేదు: ఒకే బట్టతో పైదీ కిందదీ, పొట్టి చేతులు, నాలుగు జేబులు, టక్ చేయకూడదు. క్రీము, బూడిద, లేత నీలం. జేబులో పెన్ను పెడితే ఇంజనీరు, పెట్టకపోతే కాంట్రాక్టరు.

6. చీర, జాకెట్టు, ఓణీ

చీరలో పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, పాతకాలం అనగానే అందరికీ పట్టుచీరలు కట్టబెడతారు. పట్టు పెళ్ళికి. రోజూ కట్టింది పలచటి నూలు వాయిల్, నైలాన్, నైలెక్స్ (అదీ ఒక రకం నైలాన్ బట్టే), జార్జెట్. కాస్త ఉన్నవాళ్ళకి బిన్నీ సిల్కు. ఒళ్ళంతా పెద్ద పెద్ద పువ్వులు లేదా చుక్కలు, అంచు సన్నం లేదా అసలే లేదు. నైలాన్ చీర ఉతికితే అయిదు నిమిషాల్లో ఆరేది, గంజీ ఇస్త్రీ బెడద లేదు. ఉద్యోగాలకి బస్సెక్కి వెళ్ళడం మొదలుపెట్టిన ఆడవాళ్ళకి ఆ సౌకర్యం ఎంతో చెప్పలేం. టీచర్లు, లెక్చరర్లలో కొందరు మాత్రం నేత చీరలకే కట్టుబడ్డారు. ఇందిరాగాంధీ చేనేత చీరలు వాళ్ళకి ధైర్యం. అలాంటి పాత్రకి మంగళగిరి, వెంకటగిరి నూలు చీర కట్టండి, ఆమె నోరు విప్పకుండానే ఆమె ఎవరో తెలుస్తుంది. నాయనమ్మ మాత్రం గోచీ పోసి కట్టిన ముతక నేతలోనే ఉండాలి.

జాకెట్టు విషయంలో ముందు చేతులు చూడండి. దశాబ్దం మొదట్లో పట్నంలో చేతుల్లేనివి, భుజం కిందికి మూడు నాలుగంగుళాల పొట్టి చేతులవి. పఫ్ చేతులు కుర్రపిల్లలకి. రంగు చీరకి కలిసేదో పూర్తిగా ఎదురుదో కావాలి. డార్టులతో కుట్టించండి, లోపల ప్యాడ్లు వద్దు. వెనక మెడ కొంచెం లోతు, పెద్దరికమున్న పాత్రకి లోతు తగ్గించండి. చీర బొడ్డు కింద కట్టడం సినిమాలో సరే, మధ్యతరగతి ఇంట్లో అత్తగారుండగా అయ్యే పని కాదు.

పెళ్ళికాని పిల్లకి లంగా ఓణీ. ఓణీ నైలాన్‌ది, లంగాకి వేరే రంగు. పట్నంలో డాక్టరు గారమ్మాయికి దశాబ్దం మధ్య నుంచి మ్యాక్సీ వేయొచ్చు, మెడ నుంచి మడమల దాకా పువ్వుల గౌను. వీధిలో అందరూ చూస్తారు, చూడాలి కూడా.

పూర్తి సెట్ కొనే స్తోమత లేకపోతే అమ్మల, పెద్దమ్మల బీరువాలు అడగండి. నైలాన్‌కి చెద పట్టదు, రంగు పోదు. పట్టుచీరలు మడతల దగ్గర చీకిపోయినా ఆ చవక చీరలు ఈ రోజుకీ కొత్తగా ఉంటాయి. జాకెట్లు మాత్రం ఎవరికీ పట్టవు, కుట్టించాల్సిందే.

7. తల, మొహం, కాళ్ళు

మగవాళ్ళకి విగ్గు పెట్టకండి. రెండు నెలల ముందే నటులకి చెప్పి జుట్టు పెంచమనండి. చెవి సగం మూయాలి, సైడ్ లాకులు చెవితమ్మె దాకా దిగాలి. మీసం ఉంటే ఒత్తుగా.

ఆడవాళ్ళకి బొట్టు జాగ్రత్త. స్టిక్కర్ ఇంటింటికీ చేరింది ఆ తర్వాతి దశాబ్దంలో. డెబ్బైల్లో సీసాలో తిలకం, పుల్లతో దిద్దుకోవడం. గుండ్రం, నిలువు చుక్క, పాములా వంకర, రకరకాలు. ఒకసారి నా నాటకంలో హీరోయిన్ ఏడుస్తూ నుదురు కొట్టుకుంటే స్టిక్కర్ ఊడి చెంపకి అంటుకుంది. ఏడుపు సీను నవ్వులపాలయింది. జడ పొడుగ్గా, కనకాంబరాలు. స్కూలు పిల్లలకి రెండు జడలు, నైలాన్ రిబ్బన్లు. కొప్పుకి సవరం, లోపల దూది ఉండ.

చేతికి కీ ఇచ్చే హెచ్‌ఎంటీ గడియారం. ఆ రోజుల్లో అల్లుడికి పెట్టే లాంఛనాల్లో అదొకటి. కాలేజీ కుర్రాడికి పెద్ద చలువ కళ్ళద్దాలు. ఆడవాళ్ళ చేతికి ఇంట్లోనే అల్లిన ప్లాస్టిక్ వైరు బుట్ట. కాళ్ళకి హవాయి చెప్పులు చాలామందికి సరిపోతాయి, ఎత్తు మడమలు ఒకరిద్దరికే.

8. తీసేయాల్సినవి

నాటకం ముందురోజు అందర్నీ వరసగా నిలబెట్టి వెతుకుతాను. మగ్గం వర్కు జాకెట్లు, జాకెట్టు వెనక వేలాడే గుత్తులు తీసేయాలి. ఆడపిల్లలకి పంజాబీ డ్రెస్సు కూడా వద్దు, మన ఊళ్ళలో అది మామూలైంది తర్వాత. నైటీలు అంతే. తళుకు బెళుకుల డిస్కో చొక్కాలు 80ల సరుకు. జీన్స్ మాట వస్తే, ఫ్లయింగ్ మెషీన్ అనే మన దేశపు జీన్స్ బ్రాండు వచ్చిందే 1980లో. అంతకుముందు జీన్స్ అంటే విదేశీ సరుకు, మద్రాసు బర్మా బజారు లాంటి చోట్ల కొనుక్కున్నదో, చుట్టాలు తెచ్చిందో. కాబట్టి మీ నాటకంలో జీన్స్ వేసినవాడికి ఫారిన్‌లో మేనమామ ఉండాలి. బొమ్మల టీషర్టులు, చేతుల మీద టాటూలు కూడా చూసుకోండి. టాటూ దాచడానికి ఫుల్ హ్యాండ్స్ చొక్కా ఉండనే ఉంది.

9. ట్రయల్

బట్టలు కనీసం నాలుగుసార్లు ఉతికించి వేయించండి. కొత్త బట్ట మెరుపు లైట్ల కింద పట్టిచ్చేస్తుంది. తర్వాత నటుల్ని ఆ బట్టల్లో ఒక పూట తిరగనివ్వండి. బిగుతు సీటున్న ప్యాంటుతో కింద కూర్చోవడం, బెల్ చైన్‌లో పడకుండా పైకి మడిచి సైకిల్ తొక్కడం, నైలాన్ పైట జారితే సర్దుకోవడం, ఇవి చేసి చూస్తేనే వస్తాయి.

ఆ రోజు ఆ కాలపు మనిషినొకర్ని పిలిచి కుర్చీ వేయండి. కాఫీ ఇచ్చి ఏమీ అడక్కుండా ఊరుకోండి. మొన్న మా వీధిలో ఒక రిటైర్డ్ గుమాస్తాగారిని అలాగే పిలిచాను. బెల్ చూశాడు, కాలరు చూశాడు, బెల్టు చూశాడు, ఏమీ అనలేదు. పరీక్ష పాసయ్యామనుకున్నా. ఇంతలో లేచి వెళ్ళి, హీరో కుర్రాడి జేబులోంచి చేతిరుమాలు తీసి, పొడుగ్గా మడిచి, కాలరుకీ మెడకీ మధ్య దోపాడు.

"టెరికాట్ కదా బాబూ, ఇది లేకపోతే సాయంత్రానికి కాలరంతా నల్లగా అయిపోతుంది."

ఎనిమిదిమందికీ ఎనిమిది రుమాళ్ళు కొనుక్కొచ్చాను.